పాము పేర్లకన్నా పడక ముఖ్యం: విశాఖ కొండవాలు కాలనీలో పాముకాటు అవగాహన, ఒక కేస్ స్టడీ

కేసు ఏమిటి

హనుమంతవాక దగ్గర జాతీయ రహదారి దిగి ఆరిలోవ, ముడసర్లోవ మీదుగా అడవివరం వైపు వెళ్తుంటే కొండ మీదికి పాకిన కాలనీలు కనిపిస్తాయి. కింద సిమెంటు రోడ్డు, అక్కణ్నుంచి మెట్ల దారులు, ఆఖరి వరస ఇళ్ల వెనక బండరాళ్లు, తుప్పలు. ఆ పైన అడవి. అభయారణ్యంగా ప్రకటించిన కంబాలకొండ సుమారు 71 చదరపు కిలోమీటర్లు. నగరం పెరిగి పెరిగి దాని అంచుకు ఆనుకుంది. ఇలాంటి చోట వానాకాలంలో ఇంట్లోకి పాము రావడం వింతేమీ కాదు.

ఈ కేసు అలాంటి ఒక కాలనీది. అక్కడి కుటుంబాల ఆరోగ్య వివరాలు కలిసి ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. ఇద్దరు వన్యప్రాణి అవగాహన వాలంటీర్లు, ఆ వీధుల ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు కలిసి తొలకరికి ముందు మొదలుపెట్టి మరుసటి ఎండాకాలం దాకా నడిపారు. ఫలితం ముందే చెప్పేస్తే: పాముల్ని గుర్తుపట్టడం నేర్పినంత కాలం ఇళ్లలో ఏమీ మారలేదు. నేల మీద పడక గురించి, రాత్రి గడప దాటేటప్పుడు చేతిలో ఉండే లైటు గురించి, మెట్ల మీంచి మనిషిని రోడ్డుకు దించడం గురించి మాట్లాడ్డం మొదలయ్యాకే మారింది.

పాత పద్ధతి ఎక్కడ తప్పింది

అంతకుముందు ఆ కాలనీ బడిలో జరిగినవి అందరికీ తెలిసిన తరహావే. ఉదయం ప్రార్థన అయ్యాక పిల్లల్ని నిలబెట్టి, ఇరవై పాముల బొమ్మలున్న ఫ్లెక్సీ కట్టి, ఏది విషపాము, ఏది కాదు అని చెప్పడం. చివర్లో పాములు రైతు నేస్తాలు, చంపకండి అని ప్రతిజ్ఞ. వినడానికి బాగుంటుంది. కానీ కాటు పడేది ఎవరికి? తెల్లవారుజామున డ్యూటీ నుంచి మెట్లెక్కి వచ్చే మనిషికి, చీకటితోనే లేచి కట్టెలు తీసే ఇల్లాలికి, గచ్చు మీద చాప పరుచుకుని పడుకున్నవాళ్లకి. వాళ్లెవరూ బడి ప్రార్థనలో ఉండరు.

రెండో లోపం ఇంకా ప్రమాదకరమైంది. విషం లేని పాముల పట్టిక ఇస్తే కొందరు దాన్ని పట్టుకోదగిన పాముల పట్టికగా తీసుకుంటారు. అలాంటి ఒక పాఠం అయిన కొన్నాళ్లకు పిల్లలు ఒక పాము పిల్లని ప్లాస్టిక్ సీసాలో పెట్టి టీచరు దగ్గరికి తెచ్చారు. ఇంట్లో గోడలెక్కే తోడేలు పాము అని వాళ్ల నమ్మకం. తోడేలు పాముకీ కట్లపాముకీ తేడా నిజంగానే ఉంది: కట్లపాము తెల్ల పట్టీలు సన్నగా, చాలాచోట్ల జంటలు జంటలుగా ఉండి, మెడ దగ్గర మొదలవకుండా కాస్త కిందినుంచి మొదలవుతాయి, వెన్ను మీద పెద్ద ఆరు పలకల పొలుసుల వరస ఉంటుంది. తోడేలు పాముకు పట్టీలు మెడనుంచే, కొంచెం వెడల్పుగా. కానీ ఈ తేడా చూడాలంటే వెలుతురు, దగ్గరితనం, స్థిమితం కావాలి. రాత్రి రెండింటికి వాటిలో ఏదీ ఉండదు. పిల్లలకు ఈ తేడా నేర్పడం వల్ల లాభం కన్నా నష్టమే ఎక్కువని ఈ కేసులో తేలింది.

అందుకని కొత్త పాఠంలో పాముల సంఖ్య నాలుగుకు తగ్గింది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, రంపపు పొలుసుల చిన్న పింజర. మన దేశంలో తయారయ్యే విరుగుడు మందు ఈ నాలుగింటి విషాలతోనే తయారవుతుంది. మిగతావన్నీ ఒకే మాటలో: ఏ పామైనా సరే, దూరం. రెండు మీటర్ల అవతల నిలబడితే కాటు అందదు. మూడు అయితే ఇంకా నిశ్చింత.

కాలనీ నడక

సభకు ముందు ఇళ్ల మధ్య తిరగాలి. ఆశా కార్యకర్త తోడు లేకుండా ఈ పని జరగదు. కొత్త మనిషి చేతిలో కాగితాలతో కనిపిస్తే ముందు పింఛను గురించి, ఇంటి పట్టా గురించి అడుగుతారు. ఆమె పక్కనుంటే మాట నేరుగా విషయానికి వస్తుంది. వెళ్లాల్సిన సమయాలు రెండు. పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఏడున్నర, ఎనిమిది మధ్య ఇంకోసారి. రాత్రి నడక మానేస్తే సగం సమాచారం పోయినట్టే. వీధిలైటు ఎక్కడ వెలగదు, మరుగుదొడ్డికి ఏ దారిన వెళ్తున్నారు, ఎవరు వసారాలో పడుకుంటున్నారు, ఇవన్నీ రాత్రే తెలుస్తాయి.

చూడాల్సింది పాముల కోసం కాదు, ఎలుకల కోసం. బియ్యం బస్తా నేల మీద ఉందా, కోళ్ల గంప కింద గింజలు రాలి ఉన్నాయా, కాలువ మీద పలక విరిగిందా. ఎలుక వచ్చిన కన్నంలోంచే దాని వెనక పామూ వస్తుంది. ఆ తరవాత దాక్కునే చోట్లు: గోడకు ఆనించిన కట్టెల మోపు, ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకలు, కొబ్బరి డొక్కల కుప్ప, పాత రేకులు. కొండవాలు కాలనీల్లో ఇంకొకటి ఉంది. సిమెంటు పెట్టకుండా రాళ్లు పేర్చి కట్టిన ఆసరా గోడలు. ఆ సందులు కట్లపాముకూ నాగుపాముకూ సిద్ధంగా ఉన్న ఇళ్లు. గోడ మొత్తం పూడ్చడం ఎవరివల్లా కాదు. గడపకూ మంచానికీ దగ్గరున్న సందులు, నేల నుంచి మోకాలెత్తు వరకు సిమెంటుతో మూస్తే చాలు. పూడ్చేముందు లోపల ఏదీ లేదని చూసుకోవాలి, అదీ పగటిపూట, పొడుగాటి కర్రతో. చెయ్యి పెట్టి చూడ్డం అక్కడ అలవాటు. దాన్ని ఆపడానికే ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది.

తలుపు కింద సందుకు కొలత కావాలి. ఆరు మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ ఖాళీ ఉంటే పాము పిల్ల దూరుతుంది. వాలంటీర్లు ఒక పెన్సిల్ పట్టుకెళ్లారు. మామూలు పెన్సిల్ మందం ఏడు మిల్లీమీటర్ల దరిదాపు. తలుపు కిందనుంచి పెన్సిల్ దొర్లి అవతలికి పోతే ఆ తలుపుకు పట్టీ వేయాలి. పాత సైకిల్ ట్యూబు కోసి, మేకులతో తలుపు అడుగున కొడితే సరిపోతుంది. కాలువ నోటికి ఆరు మిల్లీమీటర్ల కన్నాల ఇనుప జల్లెడ. ఈ రెండూ చెయ్యడానికి అరపూట చాలు.

ఫినాయిల్, కిరోసిన్, వెల్లుల్లి, గంధకం, బజారులో దొరికే కార్బాలిక్ యాసిడ్, పాముల్ని తరిమే పొడులు: వీటి గురించి ప్రతి ఇంట్లోనూ అడిగారు. ఇవి పామును ఆపుతాయని నమ్మడానికి ఆధారం లేదు. కార్బాలిక్ యాసిడ్ అయితే పాకే పిల్లలున్న ఇంట్లో అదే పెద్ద ప్రమాదం. ఆ డబ్బుతో ఒక టార్చి కొనుక్కోమని చెప్పడమే సరైన సలహా.

సభ, దాని సరంజామా

డ్వాక్రా సంఘం నెలవారీ సమావేశం అయ్యాక నలభై నిమిషాలు. పాతికమందికి మించితే ఎవరూ నోరు విప్పరు. మించినప్పుడు రెండు సభలు చేశారు. మగవాళ్లకు విడిగా, ఆదివారం సాయంత్రం, టీకొట్టు దగ్గర పావుగంట. నాటుగా కనిపించినా రాత్రి షిఫ్టులకు వెళ్లేవాళ్లు దొరికింది అక్కడే.

సంచిలో ఉన్నవి: నాలుగు పాముల ఫొటోలు, ఒక్కోటి ఏ3 సైజులో, లామినేట్ చేసినవి, ఒకరు పడుకునే దోమతెర, ఒక చాప, బరువైన టార్చి, ఒక ప్లాస్టిక్ కుర్చీ, అడుగున్నర పొడవు కర్ర ఒకటి, పాత చీర నుంచి చింపిన నాలుగు వెడల్పాటి గుడ్డ పట్టీలు, రంగు వేసిన రెండు మీటర్ల తాడు. బతికున్న పాము లేదు, సీసాలో పెట్టిన పాము లేదు, కోరలు పీకిన పాము అసలే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పాముల్ని పట్టడం, దగ్గర ఉంచుకోవడం నేరం. 2022 సవరణ తర్వాత పట్టికలు మారినా ఈ మాట మారలేదు. కుబుసం కూడా తేవద్దన్నారు. తెచ్చి చూపిస్తే తరవాతి వారం పిల్లలు కుబుసాల కోసం రాళ్ల మధ్య వెతుకుతారు.

మొదటి పది నిమిషాలు వాళ్లే మాట్లాడాలి. మీ ఇంట్లోకి పాము ఎప్పుడు వచ్చింది, ఎక్కడ కనిపించింది, ఏం చేశారు. వాలంటీరు నోరు మూసుకుని పలక మీద సమయం, చోటు రాసుకోవాలి. పది మంది చెప్పేసరికి పలక మీద ఒక బొమ్మ దానంతటదే వస్తుంది: రాత్రి, వంటగది మూల, స్నానాల గది, మెట్ల దారి. ఆ బొమ్మను చూపించి మాట్లాడితే పాఠం వాళ్లదే అవుతుంది.

తరవాత చాప పరిచి దోమతెర కట్టి చూపించారు. తెర అంచులు చాప కిందికి నాలుగు వైపులా దోపాలి. వదులుగా వేలాడితే దోమను ఆపుతుందేమో గానీ కట్లపామును ఆపదు. కట్లపాము రాత్రి తిరిగే పాము, నిద్రపోతున్నవాళ్లను కరిచే పాము. నేపాల్ తరాయిలో జరిగి 2007లో వెలువడిన అధ్యయనం దోమతెరలో పడుకునేవాళ్లకు పాముకాటు ముప్పు తగ్గుతుందని చూపింది. మంచం ఉంటే మరీ మంచిది, దుప్పటి నేలకు తగలకుండా ఉంటేనే.

ఉక్కపోత పెద్ద అడ్డంకి అయింది. విశాఖలో మే, జూన్ రాత్రులు తెరలో ఫ్యాన్ గాలి ఆడక చిరాకు. చాలామంది వారం వేసి తీసేశారు. పనిచేసిన సర్దుబాటు ఇది: పెద్ద కన్నాల నైలాన్ తెర, బల్ల ఫ్యాన్‌ను తెరకు పక్కనుంచి తాకేలా పెట్టడం, తెర ఎత్తు పెంచడం. డాబా మీద పడుకునే ఇళ్లలో తెర మానేసినా మంచం మాత్రం మానొద్దని రాజీ పడ్డారు. ఇలాంటి రాజీలు లేకపోతే పాఠం కాగితం మీదే మిగులుతుంది.

కాటు పడితే

ఈ భాగానికి సభలో సగం సమయం ఇవ్వాలి. దేశంలో ఏటా పాముకాటు మరణాలు సుమారు 58,000 అని 2020లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ భారం ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. సభలో ఈ అంకెలు చెప్పినా ఎవరి మొహంలోనూ మార్పు ఉండదు. చేసి చూపిస్తే గుర్తుంటుంది.

ఒకరిని కుర్చీలో కూర్చోబెట్టి కాలికి కాటు పడిందనుకుందాం అన్నారు. మొదటి పని, ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెట్టెలు తీయడం. వాపు ఎక్కితే అవి చర్మంలోకి దిగిపోయి రక్తం ఆపేస్తాయి. మెట్టెల దగ్గర పెళ్లయినవాళ్లు ఆగిపోయారు. వాదించి లాభం లేదు. సంఘంలో పెద్దామె ఒకరు, తీసి కొంగున ముడేసుకుంటే మెట్టెలు నీ దగ్గరే ఉన్నట్టు కదే అనడంతో ఆ సమస్య తీరింది. ఇలాంటి మాట వాలంటీరు నోట రాకూడదు, వీధిలోని పెద్దల నోట రావాలి. సభకు ముందే వాళ్లతో ఒకమాట అనుకుని ఉండాలి.

రెండోది, కాలు కదలకుండా కర్ర ఆనించి గుడ్డ పట్టీలతో కట్టడం. ఎముక విరిగినప్పుడు కట్టినట్టే, పట్టీ కింద వేలు దూరేంత వదులుగా. బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, నల్ల రాయి అంటించడం, పసరు తాగించడం, ఏదీ వద్దు. బిగించిన తాడు వల్ల ప్రాణం దక్కినా కాలు పోయినవాళ్లున్నారు. పైగా ఆసుపత్రిలో ఆ కట్టు ఒక్కసారిగా విప్పితే ఆగి ఉన్న విషం ఒక్క ఊపున పైకి వస్తుంది. ఎవరైనా కట్టేసి ఉంటే దారిలో విప్పకుండా డాక్టరు ముందే విప్పాలి.

మూడోది నడిపించకపోవడం. కొండవాలు కాలనీకి అసలు పరీక్ష ఇక్కడే. 108 బండి కింద రోడ్డు దాకానే వస్తుంది. ఆపైన నిటారు మెట్లు, కొన్నిచోట్ల ఒక మనిషి మాత్రమే పట్టే సందు. అందుకని ప్లాస్టిక్ కుర్చీ. రోగిని కూర్చోబెట్టి ఛాతీ దగ్గర గుడ్డతో కుర్చీకి వదులుగా కట్టి, ముందు ఒకరు, వెనక ఒకరు. రోగి మొహం పై మెట్ల వైపు ఉండకూడదు, కిందికి చూస్తూ ఉండాలి. వీపు వెనక్కి వాలి ఉంటే జారిపోడు. ముందు పట్టుకున్నవాడు మెట్లు లెక్క పెడుతూ దిగాలి. పగలు ఖాళీ కుర్చీతో, తరవాత మనిషితో, చివరికి రాత్రి టార్చి వెలుగులో చేశారు. రాత్రి చేసినప్పుడే ఒక మలుపు దగ్గర కుర్చీ తిరగదని, అక్కడ మనిషిని చేతుల మీద ఎత్తాలని తెలిసింది. వాంతి అవుతుంటే కుర్చీ పనికిరాదు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి దుప్పటిలో మోయాలి. 108 ఆలస్యమైతే ఆటో, అదీ లేకపోతే బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి.

ఎక్కడికి? ఇది సభకు ముందే తేల్చుకోవాలి. ఆ దారి నుంచి దగ్గరున్న పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి విమ్స్, ఇంకోటి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి), మహారాణిపేటలో. దగ్గరలోని చిన్న ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు పరిగెత్తి, అక్కడ గంటసేపు సెలైన్ ఎక్కించుకుని, ఆపైన పెద్దాసుపత్రికి పంపితే పోయేది ఆ గంటే. ఏ ఆసుపత్రి అయినా వాలంటీరు స్వయంగా వెళ్లి కనుక్కోవాల్సినవి రెండు: రాత్రిపూట విరుగుడు మందు ఉంటుందా, వెంటిలేటర్ ఉందా. ప్రభుత్వ ఆసుపత్రిలో మందు ఉచితం.

ఆసుపత్రిలో ఏం జరుగుతుందో ముందే చెప్పడం ఈ పాఠంలో చాలామంది వదిలేసే భాగం. నిజానికి కుటుంబాలు మధ్యలో రోగిని తీసుకెళ్లిపోయేది అక్కడే. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టడాన్ని చెడగొడుతుంది. అందుకని రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన పొడి గాజు గొట్టంలో తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టు. బయట నిలబడ్డవాళ్లకు అది ఏ వైద్యమూ చేయకుండా ఆలస్యం చేయడంలా కనిపిస్తుంది. విషలక్షణాలు కనబడితే మొదట సాధారణంగా ఎనిమిది నుంచి పది వయల్స్ (చిన్న మందు సీసాలు) విరుగుడు ఎక్కిస్తారు. పిల్లలకూ అంతే, ఎందుకంటే పాము పిల్లాడని తక్కువ విషం ఇవ్వదు. మందు ఎక్కుతుండగా దద్దుర్లు, వణుకు, వాంతులు రావచ్చు. అప్పుడు మందు ఆపి, దాన్ని తగ్గించే ఎడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చి, మళ్లీ మొదలుపెడతారు. మందు పడలేదు, ఇంటికి పోదాం అనకూడదు. ఏ లక్షణం లేకపోయినా ఇరవైనాలుగు గంటలు అక్కడే ఉంచుతారు.

కట్లపాము సంగతి వేరే. దాని కాటు నొప్పి ఉండదు, గాటు కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు, గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుంటారు. కాసేపటికి కనురెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగడం కష్టమవుతుంది. నేల మీద పడుకున్న మనిషికి తెల్లవారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలడం రెండూ ఉంటే పాము కనబడకపోయినా ఆసుపత్రికే. ఈ ఒక్క వాక్యం సభలో ప్రతి ఒక్కరి చేతా చెప్పించారు. పక్షవాతం ముదిరి వెంటిలేటర్ మీద పెట్టినప్పుడు రోగి కళ్లు తెరవలేడు, వేలు కదపలేడు, కానీ వింటూ ఉండవచ్చు. అది చావు కాదు. శ్వాస నిలబెడితే రోజుల తరవాత లేచినవాళ్లున్నారు.

పామును చంపి తీసుకెళ్లనక్కర్లేదు. ఫొటో కోసం వెంటపడనక్కర్లేదు. లక్షణాలు చూసి వైద్యం చేస్తారు. చచ్చిందనుకున్న పాము తల కూడా కొంతసేపు కరవగలదు.

మంత్రగాడు, నాగుల చవితి

కాలనీలో పాము మంత్రం వేసే పెద్దాయన ఒకరున్నారు. ఆయన దగ్గరికి పోవద్దని సభలో చెబితే సభ అయ్యాక అందరూ ఆయన దగ్గరికే వెళ్తారు. విషం లేని పాము కాట్లు, విషం దిగని కాట్లు చాలా ఉంటాయి కాబట్టి ఆయనకు పేరు ఎందుకొచ్చిందో తేలిగ్గానే అర్థమవుతుంది. ఆయన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, పెద్దగా ఒకటే కోరారు: తాతా, మంత్రం బండిలో కూర్చుని వెయ్యి, బండి ఆపకుండా. ఆయన ఒప్పుకున్నారు. ఇది అన్నిచోట్లా సాధ్యం కాదు. డబ్బు చేతులు మారే చోట ఇంత తేలిగ్గా జరగదని నా అంచనా.

కార్తీకంలో నాగుల చవితి వస్తుంది. దీపావళి అయిన నాలుగో రోజు. పాఠానికి ఏడాది మొత్తంలో అంతకన్నా మంచి రోజు లేదు, జాగ్రత్తగా మాట్లాడితేనే. చిమ్మిలి, చలివిడి, పాలు, కోడిగుడ్లు పట్టుకుని కుటుంబాలు తెల్లవారే పుట్ట దగ్గరికి వెళ్తాయి, పిల్లలు చేతుల్లో టపాకాయలతో. పాములు పాలు తాగవని లెక్చరు ఇవ్వడానికి అది చోటు కాదు. పుట్ట పక్కన వెడల్పాటి మట్టి మూకుడు పెట్టి, పాలు కన్నంలో పోయకుండా అందులో పోయమని పూజ చేయించే పెద్దలచేతే చెప్పించారు. కన్నంలో పోసిన పాలు, పసుపు, గుడ్ల సొన కుళ్లి లోపల ఉన్న జీవికి ఊపిరాడకుండా చేస్తాయన్న మాట ఎవరి నమ్మకాన్నీ నొప్పించలేదు. పుట్టలో చెయ్యి పెట్టొద్దు, కన్నం దగ్గర టపాకాయ పేల్చొద్దు, చెప్పుల్లేకుండా తుప్పల్లోకి పోవద్దు. ఆ రోజు నాగుపాము బుట్టలతో వచ్చే పాములవాళ్లకు డబ్బులివ్వడం గురించి కూడా అక్కడే మాట్లాడాలి. చాలా పాములకు కోరలు పీకి ఉంటాయి, కొన్నింటికి నోరు కుట్టి ఉంటుంది. ఆ పాము ఎన్నాళ్లో బతకదు.

తప్పినవి

వాలంటీరు ఫోన్ నంబరు సభలో ఇవ్వడం పెద్ద పొరపాటు. రెండు వారాల్లో ఆ నంబరు చుట్టుపక్కల నాలుగు కాలనీలకు పాములు పట్టేవాడి నంబరుగా పాకిపోయింది. అవగాహన చెప్పేవారు, పాము పట్టేవారు ఒకరే అయితే రెండూ చెడతాయి. పాము పట్టడం అటవీ శాఖ అనుమతి, శిక్షణ ఉన్నవారి పని. కాగితం మీద అటవీ శాఖ, 108 నంబర్లు మాత్రమే ఉండాలి. ఇంట్లో పాము కనిపిస్తే ఒకరు మూడు మీటర్ల దూరం నుంచి దాన్ని చూస్తూ ఉండాలి, లోపలి గదుల తలుపులు మూసి బయటి తలుపు తెరవాలి, పిల్లల్ని, కుక్కను దూరం పెట్టాలి. కళ్లు తిప్పితే పాము బీరువా కింద దూరుతుంది, ఆపైన వచ్చినవారికి వెతకడమే పని.

టార్చిలు పంచిపెట్టడం కూడా ఫలించలేదు. ఉచితంగా వచ్చినవి పిల్లల ఆటకు పోయాయి, బ్యాటరీలు గోడ గడియారాల్లోకి వెళ్లాయి. అందరి చేతుల్లోనూ ఫోన్ లైటు ఉంది. దాన్ని గడప దాటకముందే వెలిగించే అలవాటు కావాలి. తలుపు లోపలి వైపు, గొళ్లెం పక్కన చిన్న స్టిక్కరు అంటించారు: లైటు, చెప్పులు. ఈ రెండు మాటలే. అది టార్చికన్నా ఎక్కువ పనిచేసింది.

జెర్రిపోతును చంపడం మాత్రం తగ్గలేదు. అది నాగుపాముకు జోడీ అని, పగబడుతుందని నమ్మకం గట్టిగా ఉంది. ఎలుకల్ని తినేది అదేనని ఎంత చెప్పినా రెండు మీటర్ల పాము వాకిట్లో కనబడితే కర్ర లేస్తోంది. పిలిస్తే అరగంటలో పట్టేవాళ్లు రాని చోట ఈ మాట నిలవదు.

ఎలా కొలిచారు

క్విజ్ పెట్టలేదు. క్విజ్‌లో పాముల పేర్లు చెప్పినవాళ్లే నేల మీద పడుకుంటారు. ఆశా కార్యకర్త తన మామూలు ఇంటింటి తిరుగుడులోనే, నెలకోసారి, ప్రతి ఇంటికీ ఐదు గీతలు పెట్టారు: పడక నేల మీదా పైనా, తెర దోపి ఉందా, కట్టెలు గోడకు అడుగు దూరంలో, నేలకు ఎత్తులో ఉన్నాయా, తలుపు పట్టీ ఉందా, రాత్రి కాటు పడితే మోసే ఇద్దరి పేర్లు చెప్పగలరా. ఐదోది అడిగినప్పుడు తడబడిన ఇంటికి మళ్లీ కుర్చీ పట్టుకుని వెళ్లాలి.

తలుపు పట్టీలు, కట్టెల దూరం త్వరగా మారాయి, ఎందుకంటే అవి ఒక్కసారి చేస్తే అయిపోతాయి. తెర మాత్రం నెలనెలా పడిపోతూ వానలు రాగానే లేస్తోంది. మోసేవాళ్ల పేర్లు అద్దె ఇళ్లలో నిలవలేదు, మనుషులు మారుతున్నారు. అందుకని పేర్లు ఇంటికి కాకుండా మెట్ల వరసకు కట్టారు, ఒక్కో వరసకు సొంత ఇల్లున్న ఇద్దరు.

ఫిషింగ్ హార్బరుకు తీసుకెళ్తే

ఇదే చట్రం హార్బరులో వేస్తే సగం పనికిరాదు. అక్కడి ప్రమాదం వలలో పడే సముద్రపు పాము. తోక తెడ్డులా చదునుగా ఉంటుంది. చేపలు ఏరేటప్పుడు చేతికి కాటు పడుతుంది, నొప్పి పెద్దగా ఉండదు. అరగంట నుంచి కొన్ని గంటల్లో ఒళ్లంతా కండరాల నొప్పి, దవడ బిగుసుకోవడం, ఆపైన మూత్రం ముదురు రంగుకు మారడం. మన నాలుగు పాముల మందులో సముద్రపు పాముకు విరుగుడు లేదు. కాబట్టి చూడాల్సింది వెంటిలేటర్, డయాలసిస్ ఉన్న పెద్దాసుపత్రినే. పడవ ఒడ్డుకు దూరంగా ఉంటే వైర్‌లెస్‌లో చెప్పి అప్పుడే తిరుగుముఖం పట్టాలి. నొప్పి లేదు కదా అని వల పూర్తయ్యే దాకా ఆగకూడదు. వల దులపగానే చేతులు పెట్టకుండా ముందు కొక్కెం కర్రతో కలియబెట్టి, పాముంటే కర్రతోనే నీళ్లలోకి వదలాలి. గాలి పీల్చే జీవి కాబట్టి వలలో చాలాసేపు ఉన్నది చచ్చినట్టే కనబడుతుంది, తీరా పట్టుకున్నాక కదులుతుంది.

అక్కడ సభకు సరైన కాలం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. తూర్పు తీరంలో వేట నిషేధం ఉండే ఆ 61 రోజులు మరపడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, కళాసీలు వలలు బాగు చేసుకుంటూ ఒకేచోట దొరుకుతారు.